విదేశంలో తాత్కాలిక ఉద్యోగం: వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడం ఎలా?

ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజున బుర్ర సరిగ్గా పనిచేయదు. జీతం అంకె ఒక్కటే కళ్ల ముందు మెరుస్తూ ఉంటుంది, మిగతాదంతా చిన్న అక్షరాల్లోకి జారిపోతుంది. దానికి తోడు ‘వారంలోగా మీ నిర్ణయం తెలపండి’ అని చివర్లో ఒక వాక్యం. ఆ వారంలో చాలామంది చేసే పని ఒకటే. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు రాసుకుంటారు.

నేనూ అదే చేశాను. రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లే ముందు ఎడమవైపు 11, కుడివైపు 6 తేలాయి. 11 గెలిచింది. ‘కొత్త ఊళ్లు చూడవచ్చు’ అన్న మాటకూ, ‘అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది’ అన్న మాటకూ ఆ కాగితం మీద చెరో వరుస, అంతే. తీరా నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన విషయం రెండు వైపులా ఎక్కడా లేదు. తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో మరొకరు కూర్చుని ఉన్నారు. ఆ మనిషి మంచివాడే, పని కూడా బాగానే చేస్తున్నాడు. అతన్ని లేపి నన్ను కూర్చోబెట్టే కారణం ఎవరికీ కనిపించలేదు.

వలస వెళ్లడం వేరు, తాత్కాలికంగా వెళ్లడం వేరు. రెండోదానికి ముగింపు తేదీ ముందే ఉంటుంది. కాబట్టి లెక్కను వెళ్లే రోజు నుంచి కాకుండా తిరిగి వచ్చే రోజు నుంచి వెనక్కి వేయాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

1. తిరుగు ప్రయాణం తేదీ రాసి, ఆ మర్నాటిని ఊహించండి

కాగితం మీద మొదట ఒప్పందం ముగిసే తేదీ వేయండి. దాని కింద నాలుగు ప్రశ్నలు రాయండి. ఆ మర్నాడు ఉదయం నేను ఏ పనికి వెళతాను? ఏ ఇంట్లో ఉంటాను? అప్పటికి చేతిలో ఎంత ఉండాలి? పిల్లలుంటే ఏ తరగతిలో, ఏ బడిలో చేరతారు?

నాలుగింటికీ జవాబులు తెలిసి ఉండాలని కాదు. ఏ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయిందో గమనించండి. మీరు బేరం ఆడవలసింది దాని గురించే. నా పెన్ను మొదటి ప్రశ్న దగ్గరే ఆగి ఉండేది, అప్పట్లో ఆ ప్రశ్న వేసుకునే తెలివి ఉంటే.

ఇప్పుడున్న సంస్థే మిమ్మల్ని పంపుతుంటే, తిరిగి వచ్చాక ఏ హోదాలో, ఏ జీతంతో, ఏ విభాగంలో తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి. ‘మీ స్థానం ఎక్కడికీ పోదు’ అని పైఅధికారి భుజం తట్టి చెప్పే మాట ఆయన ఆ కుర్చీలో ఉన్నంత కాలమే చెల్లుతుంది. రెండేళ్లలో ఆయనే మారిపోవచ్చు. లేఖలో ‘వీలైనంతవరకు తగిన స్థానం కల్పించేందుకు ప్రయత్నిస్తాము’ అని ఉంటే దాన్ని హామీగా లెక్కపెట్టకండి. ‘వీలైనంతవరకు’, ‘తగిన’, ‘ప్రయత్నిస్తాము’: ఒకే వాక్యంలో తప్పించుకోవడానికి మూడు దారులు.

ఉన్న ఉద్యోగం వదిలి వెళుతుంటే, తిరిగి వచ్చాక కొత్త పని దొరికేందుకు కొన్ని నెలలు ఖాళీగా ఉండవలసి వస్తుందని లెక్కలో వేసుకోండి. మీ రంగంలో ఉద్యోగం మారడానికి మామూలుగా పట్టే కాలమే ఇక్కడా కొలత. అయితే దూరం నుంచి వెతుకుతారు కాబట్టి దానికి కొంచెం కలుపుకోండి.

2. అసలు యజమాని ఎవరో తేల్చుకోండి

పరాయి దేశంలో పని అంటే మూడు రకాలు. మీ సంస్థే కొంతకాలం అక్కడికి పంపడం మొదటిది. అక్కడి సంస్థ నేరుగా తీసుకోవడం రెండోది. మధ్యలో ఏజెన్సీ ఒకటి ఉండి, జీతం అది ఇచ్చి, పని మరొకరి దగ్గర చేయించడం మూడోది. కాగితం మీద ఉన్న యజమాని ఎవరు, రోజూ పని చెప్పేది ఎవరు, జీతం వేసేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు ఒకే పేరు రాకపోతే, గొడవ వచ్చిన రోజు ముగ్గురూ ఒకరి వైపు ఒకరు వేలు చూపిస్తారు.

ఏజెంటు మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడితో ఆగండి. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుల దగ్గర రుసుము తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ప్రైవేటు నియామక ఏజెన్సీలపై చేసిన 181వ ఒప్పందంలో ఉన్న సూత్రం. మినహాయింపులు చాలా తక్కువ. ప్రతి దేశమూ ఆ ఒప్పందంలో చేరలేదన్నది నిజమే. కానీ అప్పు చేసి రుసుము కట్టి వెళ్లిన మనిషికి మొదటి ఏడాది జీతం అప్పు తీర్చడానికే పోతుంది. ఆ భయంతోనే అతను చెడ్డ యజమానిని వదిలి రాలేడు. తాత్కాలిక ఉద్యోగంలో అది ఇంకా ప్రమాదం. అప్పు తీరేలోపే గడువు ముగిసిపోవచ్చు.

పాస్‌పోర్టు ‘భద్రంగా మా దగ్గర ఉంచుతాం’ అంటే కూడా అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థే బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి ఇచ్చిన 11 సూచికల్లో గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం ఒకటి. ‘ముందు బిజినెస్ వీసా మీద వచ్చి పని మొదలుపెట్టండి, పర్మిట్ తర్వాత చూద్దాం’ అనే యజమాని మూడో ప్రమాద సూచన. ఉదాహరణకు షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండవచ్చు. కానీ అది సమావేశాలకు హాజరు కావడానికి వీలిస్తుందే తప్ప, ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాదు. పట్టుబడితే మచ్చ పడేది మీ పాస్‌పోర్టు మీద, యజమాని పాస్‌పోర్టు మీద కాదు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఎదురైనా లాభనష్టాల లెక్క అక్కర్లేదు. కాగితం మడిచి పక్కన పెట్టవచ్చు.

3. జీతాన్ని విప్పి చూడండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఏ దేశపు డబ్బూ వద్దు. ఇప్పుడు మీ చేతికి నెలకు వచ్చే జీతాన్ని 100 అనుకుందాం. అందులో 70 ఖర్చవుతుంది, 30 మిగులుతుంది. బయటి దేశం వాళ్లు 260 ఇస్తామన్నారు, 18 నెలలకు. ‘రెండున్నర రెట్లు!’ అని మనసు ఎగిరి గంతేస్తుంది.

260లో పన్నులు, సామాజిక భద్రత కోతలు 70 పోతే చేతికి వచ్చేది 190. అద్దె, కరెంటు, నీళ్లు కలిపి 75. తిండి, ప్రయాణం, ఫోను 45. ఇక 70 మిగిలింది. ఇంటి దగ్గర ఆగని ఖర్చులు ఉంటాయి. పాత అప్పు కంతు, పెద్దవాళ్లకు పంపేది, మూసిపెట్టిన ఇంటి పన్ను కలిపి 30 అనుకుంటే, 40కి దిగాం. డబ్బు పంపే రుసుము, మారకంలో తరుగు కలిపి 2. నెలకు మిగిలేది 38. పద్దెనిమిది నెలలకు 684.

ఇప్పుడు ఒక్కసారి పెట్టే ఖర్చులు చూడండి. వీసా, టికెట్లు, మొదటి నెల హోటల్, మంచం, గిన్నెలు, ఇంటికి డిపాజిట్ కలిపి 140. అందులో 40 డిపాజిట్, గోడలకు మచ్చలు పడకుండా ఇల్లు అప్పగిస్తే తిరిగి వస్తుంది. మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లడానికి 60. అన్నీ పోగా 524. తిరిగి వచ్చాక రెండు నెలలు ఉద్యోగం లేకుండా గడిస్తే 140 కరిగిపోతుంది. ఇరవై నెలల చివర మీ దగ్గర ఉన్నది 384.

కదలకుండా ఇక్కడే ఉండి ఉంటే? నెలకు 30 చొప్పున ఇరవై నెలలకు 600.

ఈ అంకెలు నేను కల్పించినవే. మీవి వేరుగా ఉంటాయి. కానీ ఇందులో ఒక్క అంకె మార్చి చూడండి. అద్దె యజమాని కడతానంటే 75ను 18తో హెచ్చవేయాలి, అంటే 1,350 మిగులులో కలుస్తుంది. 384 కాస్తా 1,734 అవుతుంది. జీతం 260 నుంచి 280కి పెంచమని వారం రోజులు బతిమాలేవాళ్లను చూశాను. వసతి గురించి ఒక్క మాట అడగలేదు వాళ్లు. ఇరవై పెంచితే అందులోంచి పన్ను పోతుంది. కొన్నిచోట్ల వసతి సదుపాయానికీ పన్ను ఉంటుంది, అది కూడా అడిగి తెలుసుకోండి.

దేశాల మధ్య ధరల తేడా తెలియాలంటే మారకం రేటును నమ్ముకోవద్దు. ఒక దేశపు డబ్బుకు ఆ దేశంలో ఎంత కొనుగోలు శక్తి ఉందో ప్రపంచ బ్యాంకు నడిపే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం లెక్కలు ఇస్తుంది. స్థూలంగా అవి సరిపోతాయి. అయితే అవి దేశం మొత్తానికి సగటు, మీరు ఉండబోయే వీధి సగటు కాదు. పనిచేయబోయే చోటికి అరగంట దూరంలో అద్దెకున్న మూడు ఇళ్ల ప్రకటనలు తెరిచి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

పన్ను విషయంలో ఎక్కువమంది బోర్లా పడేది 183 రోజుల దగ్గర. ‘ఆరు నెలలు దాటకపోతే అక్కడ పన్ను లేదు’ అని ఎవరో చెబుతారు. చాలా దేశాల మధ్య పన్ను ఒప్పందాలు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) నమూనాను అనుసరిస్తాయి. దాని 15వ అధికరణం మూడు షరతులు పెడుతుంది. పన్నెండు నెలల వ్యవధిలో 183 రోజులు దాటకూడదు. జీతం ఇచ్చే యజమాని పనిచేసే దేశానికి చెందినవాడు కాకూడదు. ఆ జీతం భారం యజమానికి అక్కడున్న శాఖ మీద పడకూడదు. మూడూ కుదిరితేనే ఆ మినహాయింపు. అక్కడి సంస్థే మీకు నేరుగా జీతం ఇస్తుంటే మొదటి రోజు నుంచే ఆ దేశం పన్ను వేయవచ్చు. పన్ను లెక్కలో మీ దేశానికి మీరు ‘నివాసి’గా మిగులుతారా లేదా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. ఒక గంట పన్ను సలహాదారు రుసుము దండగ అనుకోకండి. మొత్తం లెక్కలో చవకైన ఖర్చు అదే.

పింఛను కోతల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటే, సొంత సంస్థ పంపిన ఉద్యోగి కొంతకాలం స్వదేశంలోనే చందా కడుతూ అక్కడ మినహాయింపు పొందవచ్చు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ఆ గడువు మామూలుగా 24 నెలలు, దానికి ఏ1 అనే ధ్రువపత్రం ఉంటుంది. అమెరికా చేసుకున్న ఒప్పందాల్లో అది సాధారణంగా 5 ఏళ్లు. ఒప్పందం లేకపోతే అక్కడ కట్టిన చందా చాలాసార్లు తిరిగి రాకుండా పోతుంది, ఎందుకంటే పింఛనుకు కావలసిన కనీస ఏళ్లు మీరు అక్కడ ఉండరు. ‘ఈ కోత నాకు తిరిగి వస్తుందా?’ అని జీతాల విభాగాన్ని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్లు వెంటనే జవాబు చెప్పలేకపోతే రాదనే అనుకుని లెక్క వేసుకోండి.

ఉద్యోగం ముగిశాక ఇచ్చే మొత్తం ఉంటే, దాన్ని దేని మీద లెక్కకడతారో చూడండి. యూఏఈలో ఏడాది పూర్తిచేసిన విదేశీ ఉద్యోగికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున మూల వేతనం ఇస్తారు. మూల వేతనం అన్న మాట గమనించండి. మొత్తం జీతంలో భత్యాల వాటా పెద్దదై, మూల వేతనం సగానికి తక్కువైతే ఆ 21 రోజులూ చిక్కిపోతాయి.

డబ్బు ఇంటికి పంపడానికయ్యే ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది కానీ నెలనెలా కొరుకుతుంది. దాన్ని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పెట్టుకున్నారంటే, సమస్య ఎంత పాతదో ఊహించవచ్చు. రుసుము లేదని చెప్పే సంస్థలు మారకం రేటులో దాన్ని దాచుకుంటాయి. పోల్చవలసింది ఒక్కటే: ఇక్కడ ఇంత వేస్తే అక్కడ ఎంత చేరుతుంది?

4. వీసా ఎవరి చేతిలో ఉందో చూడండి

జీతం ఎంతన్నది లేఖలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఉద్యోగం పోతే ఏమవుతుందన్నది ఏ పేజీలోనూ ఉండదు. అది వీసా నిబంధనల్లో ఉంటుంది.

తాత్కాలిక వీసాలు ఎక్కువగా ఒకే యజమానికి ముడిపడి ఉంటాయి. అమెరికా హెచ్-1బీ (నిపుణులకు ఇచ్చే ఉద్యోగ వీసా) మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి, అక్కడ ఉండేందుకు ఇచ్చిన అనుమతి గడువు అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. ఆలోపు కొత్త యజమాని దరఖాస్తు చేయాలి, లేదా మరో హోదాకు మారాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. ఆ 60 రోజుల్లో అద్దె ఇంటి ఒప్పందం తెంచుకోవాలి, కారు అమ్ముకోవాలి, పిల్లలను బడి మాన్పించాలి. కాబట్టి వెళ్లబోయే దేశంలో ఆ వ్యవధి ఎన్ని రోజులో, యజమానిని మార్చుకునే వీలుందో లేదో తెలుసుకుని, కనీసం అన్ని రోజుల ఖర్చుకు సరిపడా డబ్బు తిరుగు టికెట్‌తో సహా విడిగా పెట్టండి. దాన్ని పొదుపు అనకండి. అది తలుపు తాళం చెవి.

కొన్ని వీసాలకు వెనకాల తోక ఉంటుంది. అమెరికా జే-1 ఎక్స్‌ఛేంజి వీసా మీద వెళ్లిన కొందరు, తిరిగి వచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండేదాకా హెచ్, ఎల్ తరహా ఉద్యోగ వీసాలకూ శాశ్వత నివాసానికీ అర్హులు కారు. ‘ఇప్పుడు వెళ్లొద్దాం, నచ్చితే మళ్లీ వెళ్లి స్థిరపడదాం’ అనుకునేవారికి ఈ ఒక్క వాక్యం మొత్తం పథకాన్ని తలకిందులు చేస్తుంది.

ఆరోగ్య బీమా సంగతి ఒక్క మాటలో: ఎప్పటి నుంచి మొదలవుతుంది, కుటుంబానికి వర్తిస్తుందా, ఇప్పటికే ఉన్న జబ్బులకు పనికొస్తుందా? బ్రిటన్‌లో వైద్య సర్‌చార్జిని (ప్రభుత్వ వైద్యం కోసం విదేశీయులు కట్టే రుసుమును) వీసా దరఖాస్తుతోనే, ఉండబోయే ఏళ్లన్నిటికీ కలిపి ముందే కట్టాలి. దాన్ని యజమాని భరిస్తాడా అని అడగడం మరిచిపోకండి.

5. ఇంట్లో వాళ్ల లెక్క వాళ్లనే వేయమనండి

‘మా ఆవిడకు అభ్యంతరం లేదు’, ‘ఆయన సర్దుకుంటారు’ అని ఒకరి తరఫున మరొకరు రాసేస్తారు. అలా చేయకండి. జీవిత భాగస్వామి చేతికి ఇంకో కాగితం ఇచ్చి, అదే తిరుగు ప్రయాణం తేదీ నుంచి మొదలుపెట్టమనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడే తేడాలు విమానాశ్రయంలో బయటపడడం కన్నా వంటింట్లో బయటపడడం మేలు.

భాగస్వామి ఉద్యోగం చేసేవారైతే వీసా రకమే సగం నిర్ణయిస్తుంది. అమెరికాలో ఎల్-1 (సొంత సంస్థ శాఖకు బదిలీపై వెళ్లే వీసా) మీద వెళ్లినవారి భాగస్వామి పని చేసుకోవచ్చు. హెచ్-1బీ అయితే భాగస్వామికి ఆ వీలు కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లోనే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు (నిపుణులకు ఇచ్చే ఉద్యోగ, నివాస అనుమతి) ఉన్నవారి కుటుంబానికి ఉద్యోగాలకు దారి తెరిచే ఉంటుంది. పై లెక్కలో భాగస్వామి వదులుకునే జీతం వేయలేదని గమనించారా? రెండు జీతాల ఇల్లు అయితే ఆ 384 లోంచి అది కూడా తీసివేయాలి. చాలాసార్లు అంకె సున్నా కిందికి పోతుంది.

ఒక్కరే వెళ్లి కుటుంబాన్ని ఇక్కడే ఉంచాలనుకుంటే, వెళ్లకముందే ఒక వారం నటించి చూడండి. రెండు దేశాల మధ్య సమయం తేడా లెక్క చూసి, అక్కడ మీరు ఆఫీసు నుంచి వచ్చే వేళకు ఇక్కడ ఎంతవుతుందో ఆ వేళకు మాత్రమే ఇంట్లో వాళ్లతో మాట్లాడండి. మిగతా సమయమంతా ఏ పనికీ అందుబాటులో లేనట్టే ఉండండి. గ్యాస్ అయిపోయినా, పిల్లాడికి జ్వరం వచ్చినా. నా మిత్రుడొకరు ఈ ఆట మూడో రోజునే ఆపేసి, ఆ ఉద్యోగానికి వద్దని రాశాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు అది నేను చూసిన అన్ని నిర్ణయాల్లోకీ తెలివైనదని నమ్ముతాను.

పెద్దవాళ్ల ఆరోగ్యాన్ని ‘దేవుడి దయ’ అన్న వరుసలో వేయకండి. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి పేరు, ఫోను నంబరు రాయండి. పేరు తట్టకపోతే జీతం అంకె చూడడం మానేసి ముందు ఆ పేరు వెతకండి.

6. గడువు ఎంతన్నదీ తూకంలో వేయండి

మూడు నెలలకూ ఏడాదికీ రెండేళ్లకూ తేడా కేవలం నెలల లెక్కలో ఉండదు. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ గ్రాంటు (అమెరికా ప్రభుత్వ విద్యా సహాయం) మీద అమెరికా వెళ్లి వచ్చిన 200 మంది నార్వే వారిని పరిశీలించి 1955లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆరు నెలల లోపు ఉన్నవారూ, పద్దెనిమిది నెలలు దాటినవారూ బాగానే సర్దుకున్నారు. ఆ మధ్య కాలంలో ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, ఆపైన అలవాటు అన్న వంపు ఆ పరిశీలన నుంచే ప్రసిద్ధమైంది. తర్వాతి పరిశోధనల్లో అందరికీ అదే వంపు కనిపించలేదు కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. కానీ నా వరకు అది అచ్చు గుద్దినట్టు నిజమైంది. ఎనిమిదో నెలలో ఒక ఆదివారం దుకాణంలో సబ్బుల వరుస ముందు నిలబడి, ఏది బట్టల సబ్బో ఏది ఒంటి సబ్బో చదవలేక, ఏదీ కొనకుండా తిరిగి వచ్చేశాను. అంతకు ముందు ఏడు నెలలు అదే దుకాణంలో బొమ్మలు చూసి హుషారుగా కొన్నవాణ్నే.

ఏడాది ఒప్పందం అయితే దిగులు పడే కాలంలోనే సర్దుకుని వచ్చేయవలసి వస్తుందన్నమాట. మూడు నెలలైతే దాన్ని పొడిగించిన ప్రయాణంలా చూడవచ్చు. రెండేళ్లు, ఆపైన అయితే భాష నేర్చుకోవడానికి వెచ్చించే శ్రమకు ఫలితం ఉంటుంది. గడువును మీరే కోరుకునే వీలుంటే ‘ఆరు నెలలు, ఇరువైపులా నచ్చితే మరో పద్దెనిమిది’ అని అడిగి చూడండి. సంస్థలు అనుకున్నంత మొండిగా ఉండవు.

7. ఏం నేర్చుకుని వస్తారో ఒక్క వాక్యంలో రాయండి

‘అంతర్జాతీయ అనుభవం’ అని రాస్తే కొట్టేయండి. ఆ మాటకు ఎవరూ జీతం పెంచరు. ‘ఫలానా యంత్రం మీద పని’, ‘ఫలానా పరిమాణంలో ప్రాజెక్టు నడపడం’, ‘ఫలానా భాషలో సమావేశం నడిపే స్థాయి’ అని రాయగలిగితే ఉంచండి. ఆ వాక్యాన్ని మీ రంగంలో మనుషులను తీసుకునే ఇద్దరికి చూపించి, ‘ఇలాంటి మనిషి వస్తే మీకు పనికొస్తాడా?’ అని అడగండి.

నర్సులు, డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు మరో సంగతి చూసుకోవాలి. మీ పట్టా అక్కడ చెల్లుతుందా అన్నది అందరూ చూస్తారు. మీరు అక్కడ గడిపిన కాలం ఇక్కడ సర్వీసుగా చెల్లుతుందా, లైసెన్సు ఈలోగా చల్లబడిపోతుందా అన్నది చూడరు. పత్రాలకు అపోస్టిల్ ముద్ర, అంటే అవి అసలైనవేనని వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర, కావాలంటే (1961 హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే అదొక్కటి చాలు) వెళ్లే ముందే చేయించుకోండి. దూరం నుంచి చేయించడం పెద్ద తలనొప్పి.

మనుషులను అడిగేటప్పుడు ఇద్దరిని వెతకండి. గడువు పూర్తిచేసి వచ్చినవారు ఒకరు, మధ్యలోనే వచ్చేసినవారు ఒకరు. ఇంకా అక్కడే ఉన్నవారి మాటలను సగానికి కొట్టి వినండి. అబద్ధం చెబుతారని కాదు. ఏరు సగం దాటిన మనిషి నీళ్లు చల్లగా ఉన్నాయని ఒప్పుకోడు.

8. ఇప్పుడు తూచండి, కానీ వరుసలు లెక్కపెట్టకండి

ఇంతవరకు పోగుచేసినవన్నీ కాగితం మీద ఉన్నాయి. వాటికి మూడు గుర్తులు పెట్టండి. తర్వాత సరిదిద్దుకోగలిగిన వాటి పక్కన చుక్క. డబ్బుతో సరిదిద్దగలిగిన వాటి పక్కన గీత. ఎంత పెట్టినా తిరిగి రాని వాటి పక్కన సున్న. అక్కడి ఇరుకు గది చుక్క. ఇంటికి అదనంగా ఒక ప్రయాణం గీత. కూతురి చివరి బడి సంవత్సరం సున్న. సున్నలు లాభాల వైపు కూడా ఉంటాయి. ముప్పై దాటితే ఇవ్వని వీసా, మళ్లీ రాని గురువు దగ్గర పని, ఇంకా బరువులు లేని వయసు అలాంటివి. వాటిని తక్కువ చేయకండి. నిర్ణయం ఈ సున్నల మధ్యే జరగాలి. చుక్కలు వంద ఉన్నా ఒక సున్నకు సమానం కావు.

గీతలన్నిటినీ ఏరి యజమాని ముందు పెట్టండి. అవే మీ బేరం: వసతి, ఏడాదికో టికెట్, పిల్లల ఫీజు, పన్ను సలహాదారు ఖర్చు, ముందే వెనక్కి పంపితే ఇచ్చే మొత్తం. ఒప్పందంలో ఇరువైపులా నోటీసు కాలం ఒకటేనా అన్నది మాత్రం తప్పకుండా చూడండి. మీరు వదిలితే మూడు నెలలు, వాళ్లు వదిలితే రెండు వారాలు అని రాసి ఉంటే, ఆ కాగితం గురించి మీకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ప్రాణాపాయం వస్తే తిరిగి వచ్చే టికెట్ ఎవరు కొంటారో కూడా అందులో ఉండాలి.

సున్నలు రెండు వైపులా సమానంగా నిలిచి ఎటూ తేలకపోతే, నేనైతే వద్దనే చెబుతాను. ఉన్న చోట ఉండిపోతే మరో అవకాశం కోసం ఎదురుచూడవచ్చు. వెళ్లాక తేలని మనసుతో పని చేయడం కష్టం. దీనికి ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఇరవై అయిదేళ్ల లోపువారు. వాళ్ల వయసుకు వాళ్ల మాటే సరి కావచ్చు.

వెళ్లాలనే తేలితే జవాబు రాసేటప్పుడు తొందరపడవలసింది ఏమీ లేదు. నోటిమాటగా ఒప్పుకున్న ప్రతి అంశాన్నీ ఒక మెయిల్‌లో రాసి, ‘మన సంభాషణ ప్రకారం నాకు అర్థమైనది ఇది, సరైతే ధ్రువీకరించగలరు’ అని అడగండి. ఆ ధ్రువీకరణను ఆఫీసు మెయిల్‌లోనే వదిలేయకుండా సొంత మెయిల్‌కూ, ఇంట్లో నమ్మకస్తులకూ ఒక ప్రతి పంపండి. పాస్‌పోర్టు తీసి గడువు చూడండి. చాలా దేశాలు ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి.

వీసా వచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. నా విషయంలో ఒక ధ్రువపత్రంలో ఇంటిపేరు స్పెల్లింగు ఒక అక్షరం తేడా రావడంతో ప్రయాణం ఏడు వారాలు వెనక్కి జరిగింది. ఆ ఏడు వారాలూ పాత ఆఫీసులోనే కూర్చుని, వీడ్కోలు విందు అయిపోయాక కూడా రోజూ కనబడుతున్నందుకు అందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ పనిచేశాను. సిగ్గుగానే ఉండేది కానీ నెలాఖరుకు జీతం పడేది.